ట్విన్ టర్బో అంటే ఒకే పద్ధతి కాదు

సంపాదకులకు,

ఎగ్జాస్ట్ (ఇంజిన్ వదిలే పొగ) బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టేది టర్బో; అవి రెండుంటే ట్విన్ టర్బో. ఒకదాని తర్వాత ఒకటి పనిలోకి దిగే సీక్వెన్షియల్ ట్విన్ టర్బోలో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అని కార్ల వ్యాసాల్లో తరచూ రాస్తున్నారు. అన్ని కార్లకూ అది వర్తించదు. 1993 నాటి టయోటా సుప్రాలో రెండూ ఒకే సైజు. ఆరు సిలిండర్ల ఎగ్జాస్ట్ ముందు మొదటి టర్బోకే వెళ్తుంది. సుమారు 4000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర రెండోది కలుస్తుంది. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌ది పారలల్ పద్ధతి, అంటే రెండూ ఒకేసారి పనిచేస్తాయి: ఒక్కో టర్బోకు మూడేసి సిలిండర్లు. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ మధ్యలో తగ్గదు. రిపేరూ సులువే.

అసలు చిక్కంతా మజ్దా ఆర్‌ఎక్స్-7 లాంటి సీక్వెన్షియల్ కార్లతోనే. అందులో బూస్ట్ 10 పీఎస్ఐకి (ఒత్తిడి కొలత) చేరి, 4500 ఆర్‌పీఎం దగ్గర 8కి తగ్గి, మళ్లీ 10కి రావాలి. తిరిగి పెరగకపోతే టర్బో పోయిందని దయచేసి తీర్పు చెప్పకండి. ఇంజిన్ వేడికి, వాల్వులను ఒత్తిడితో కదిలించే సన్నటి వాక్యూమ్ గొట్టాలు గట్టిపడి చిట్లుతాయి. దాంతో రెండో టర్బోను కలిపే కంట్రోల్ వాల్వులు కదలవు. ముందు గొట్టాలన్నీ సిలికాన్‌వి వేయాలి, లోపలి వ్యాసం మారకూడదు. తర్వాత వన్-వే వాల్వులు ఊది చూడాలి: గాలి ఒకవైపే పోవాలి. ఆపైన సోలినాయిడ్లు (కరెంటుతో పనిచేసే వాల్వులు) చూడాలి. ఇవన్నీ బాగున్నాకే టర్బో విప్పాలి.

— ఒక పాఠకుడు