వీసా అడగకుండా గేటు తెరిచిన వాళ్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ డాక్టర్‌గా పనిచేయడానికి రాసే పరీక్ష, ఎఫ్‌ఎంజీఈ పాసయ్యాను. ఫోన్ చేసిన బంధువులు, స్నేహితులు అందరూ "చాలా కష్టపడ్డావమ్మా" అంటున్నారు. కష్టపడ్డాను, నిజమే. కానీ ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లోని మా యూనివర్సిటీ ఇచ్చిన ఈ ఎండీ పట్టా (అక్కడ మన ఎంబీబీఎస్ లాంటిది) నా ఒక్కదాని కష్టంతో రాలేదు. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ఎన్ని దేశాల వాళ్లు చెయ్యందిస్తే ఇది నా చేతికి వచ్చిందో చెప్పకుండా స్వీట్లు పంచడం నాకు ఇష్టం లేదు. ముఖ్యమైన వాళ్లలో చాలామంది పేర్లు నాకు తెలియవు. వాళ్లు చేసిన పని తెలుసు, అదే రాస్తున్నాను.

ముందుగా ఉక్రెయిన్ వాళ్లకు. యుద్ధం వచ్చింది వాళ్ల మీదికి. అయినా మమ్మల్ని చూసుకున్నారు.

ఖార్కివ్ రష్యా సరిహద్దుకు 40 కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆ రోజు తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలో పేలుళ్లు వినిపించాయి. అదే రోజు ఉక్రెయిన్ గగనతలం మూసేశారు. మనవాళ్లను తీసుకురావడానికి బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం దారిలోనే వెనక్కి తిరిగింది. అప్పటికి ఉక్రెయిన్‌లో ఉన్న భారతీయులు దాదాపు 20,000 మంది, ఎక్కువ భాగం మాలాంటి మెడికల్ స్టూడెంట్సే. ఇక మిగిలింది నేల దారి. అది పడమటి సరిహద్దు దాకా, అంటే మేమున్న చోటు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైనే.

మా హాస్టల్ వార్డెన్‌ను అక్కడ కమెందాంత్ అంటారు. అరవై దాటిన ఆవిడ. మామూలు రోజుల్లో కారిడార్‌లో గట్టిగా నవ్వినా కేకలేసే మనిషి. బేస్‌మెంట్‌లోకి దిగిన రోజు నుంచి ఆవిడ ఇంటికి వెళ్లలేదు. ఇంట్లో ఊరబెట్టుకున్న కీరదోసల సీసాలు, రొట్టెలు, ఒక పెద్ద గిన్నె నిండా ఉడకబెట్టిన బంగాళాదుంపలు తెప్పించి పెట్టింది. రాత్రి పడుకునే ముందు టార్చ్ వేసి మమ్మల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టేది. లెక్క తగ్గితే మళ్లీ మొదటి నుంచి. మేం బయల్దేరేటప్పుడు ఒక అట్టముక్క మీద ఉక్రెయినియన్‌లోనూ రష్యన్‌లోనూ "భారతీయ విద్యార్థులు" అని మార్కర్‌తో రాసి, స్టేషన్‌లో పైకెత్తి పట్టుకోమని నా చేతికిచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఇప్పటికీ ఖార్కివ్‌లోనే ఉంది. నా రిజల్ట్ చెప్పగానే వాయిస్ మెసేజ్ పెట్టింది, ఏడుస్తూ. ఆంటీ, మీకు తెలుగు రాదు, ఎవరితోనైనా చదివించుకుంటారని తెలుసు. మీకు నా పాదాభివందనాలు.

మార్చి 1న ఫ్రీడమ్ స్క్వేర్‌లోని పరిపాలనా భవనం మీద మిసైల్ పడింది. అదే రోజు, తిండి సామాను కోసం బయటికి వెళ్లిన కర్ణాటక మెడికల్ స్టూడెంట్ ఒకతను షెల్లింగ్‌లో చనిపోయాడు. తర్వాత అతని తల్లిదండ్రులు కొడుకు దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు. కృతజ్ఞతలు చెప్పే చోట ఈ సంగతి ఎందుకని అనుకోవద్దు. డాక్టర్ కావాలని వెళ్లిన పిల్లాడు, వాళ్లు మాలాంటి వాళ్ల చదువుకే అతన్ని ఇచ్చారు. ఆ అమ్మానాన్నలకు ఏం చెప్పాలో నాకు మాటలు లేవు, నమస్కారం తప్ప.

అదే రోజు మేం వగ్జాల్‌కు, అంటే రైల్వే స్టేషన్‌కు నడిచాం. మెట్రో రైళ్లు ఆగిపోయి స్టేషన్లన్నీ బంకర్లయ్యాయి. రైల్వే స్టేషన్లో ఇసకేస్తే రాలని జనం. ఆడవాళ్లు, పిల్లలు ముందు అన్నారు, న్యాయమే. మగవాళ్లలో 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉక్రెయిన్ పౌరులకు అప్పట్లో దేశం దాటే అనుమతి లేదు. ప్లాట్‌ఫాం మీద భార్యాబిడ్డల్ని ఎక్కించి వెనక్కి తిరిగి వెళ్లిపోతున్న తండ్రుల్ని చూశాను. అంత బాధలో ఉన్నవాళ్లను సీటు ఇమ్మని ఎలా అడుగుతాం? కొందరు మమ్మల్ని వెనక్కి నెట్టారు, అదీ జరిగింది. కానీ మా బోగీ కండక్టర్, ఆవిడా పెద్దావిడే, నా చేతిలో అట్టముక్క చదివి, తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టి మా గ్రూపు మొత్తాన్ని, అబ్బాయిలతో సహా లోపలికి లాగింది. రాత్రంతా లైట్లు ఆర్పేసి, కర్టెన్లు దించేసి రైలు నడిచింది. ఆ చీకట్లోనే గాజు గ్లాసుల్లో టీ తెచ్చి ఇచ్చింది. ఆ రైళ్లకు టికెట్ లేదు. బాంబులు పడుతున్న రోజుల్లో వచ్చిన దారినే మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకో ట్రిప్పు జనాన్ని తెచ్చిన ఉక్రెయిన్ రైల్వే సిబ్బందికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

పడమటి ఉక్రెయిన్‌లోని ల్వివ్ చేరేసరికి మార్చి 2. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం రష్యా దాడిని ఖండిస్తూ, సైన్యాన్ని వెనక్కి తీసుకోమని తీర్మానం చేసింది. 141 దేశాలు అవునన్నాయి, 5 కాదన్నాయి, 35 ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. తీర్మానాలతో యుద్ధాలు ఆగవని ఇంట్లో కూర్చుని నేనూ అనేదాన్నేమో. ఆ స్టేషన్‌లో ఒకావిడ ఫోన్ చూసి ఆ లెక్క పైకి చదివింది. చుట్టూ నేల మీద పడుకున్న వాళ్లు లేచి కూర్చున్నారు. ఒకామె పక్కన ఉన్న కొత్తమనిషిని వాటేసుకుని ఏడ్చింది. మిసైళ్లు ఆగలేదు, కానీ ఆ జనానికి తమ పక్షాన ఎవరో ఉన్నారని తెలిసింది. కాబట్టి ఎక్కడో ఏసీ హాల్లో మీట నొక్కిన ఆ దేశాల ప్రతినిధులకు కూడా థాంక్స్ చెబుతున్నాను.

మన దేశం ఆ 35లో ఉంది. దీని గురించి నన్ను చాలామంది అడిగారు. నాకు బాధ వేసింది, దాచను, అన్నం పెట్టిన కమెందాంత్ ఆంటీ ముఖమే గుర్తొచ్చింది. కానీ మన ప్రధాని మార్చి 7న జెలెన్‌స్కీతోనూ పుతిన్‌తోనూ మాట్లాడిన మర్నాడే, ఉక్రెయిన్‌లోని సుమీ నగరంలో నీళ్లు లేక మంచు కరిగించుకుని తాగిన దాదాపు 700 మంది మనవాళ్లు బస్సుల్లో పోల్తావా నగరానికి బయటపడ్డారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. అటూ ఇటూ మాట్లాడగలగడం ఆ రోజు పనికొచ్చింది. నా బాధా అలాగే ఉంది, ఆ కృతజ్ఞతా అలాగే ఉంది.

ఇప్పుడు గేటు సంగతి. టీవీల్లో దీని గురించి పెద్దగా మాట్లాడలేదు.

ఉక్రెయిన్ వాళ్లకు 2017 నుంచి యూరప్‌లోకి వెళ్లడానికి వీసా అక్కర్లేదు. భారత పాస్‌పోర్ట్‌కు కావాలి. మామూలు రోజుల్లో షెంగెన్ వీసాకు బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇన్సూరెన్స్, అపాయింట్‌మెంట్, వారాల తరబడి టెన్షన్. మా దగ్గర పాస్‌పోర్ట్, స్టూడెంట్ కార్డు, కొందరి దగ్గర అదీ లేదు. యూరోపియన్ యూనియన్ 2001లో రాసుకుని అప్పటిదాకా ఒక్కసారి కూడా వాడని తాత్కాలిక రక్షణ చట్టాన్ని ఆ మార్చి 4న తీసి అమల్లో పెట్టింది. శరణార్థులుగా వచ్చిన ఉక్రెయిన్ వాళ్లకు నివాసం, పని, పిల్లలకు బడి, వైద్యం అన్నీ దాని కింద ఇచ్చారు. మొదటి వారంలోనే సరిహద్దు దాటినవాళ్లు 10 లక్షల పైమాట. చదువుకోవడానికి వచ్చిన మాలాంటి వాళ్లు సూటిగా ఆ చట్టం కిందికి రాము. అయినా పోలండ్, హంగరీ, రొమేనియా, స్లొవేకియా మమ్మల్ని ఆపలేదు. వీసా లేకున్నా రమ్మని పోలండ్ రాయబారి ఫిబ్రవరి 27నే బహిరంగంగా చెప్పారు. సరిహద్దుల్లో ఆఫ్రికా విద్యార్థులను వేరుగా చూస్తున్నారన్న వార్తలొస్తే, ఎవరైనా సరే సరిహద్దు దాటే హక్కు ఉందని ఆఫ్రికన్ యూనియన్ గట్టిగా ప్రకటన ఇచ్చింది. మేం ఆఫ్రికా వాళ్లం కాకపోయినా, క్యూలో అదే చివర నిలబడ్డవాళ్లం. వాళ్లకూ కృతజ్ఞతలు.

మేం దాటింది ఉక్రెయిన్ సరిహద్దు ఊరు చోప్ దగ్గర. ఉక్రెయిన్ పట్టాల వెడల్పు 1520 మిల్లీమీటర్లు, యూరప్‌ది 1435. చోప్ నుంచి హంగరీ ఊరు జాహొనీ దాకా రెండు రకాల పట్టాలూ ఉన్నాయి కాబట్టి ఉక్రెయిన్ రైలు నేరుగా నది దాటి అక్కడ దింపేస్తుంది. జాహొనీలో ఆఫీసర్ నా పాస్‌పోర్ట్ తిరగేశాడు, వీసా పేజీ కోసం వెతుకుతున్నాడనుకుని గుండె ఆగినంత పనైంది. ఖాళీ పేజీ చూసి, ముద్ర వేసి, "స్టూడెంట్? గో, ఈట్" అన్నాడు. అతను చూపించిన వైపు వాలంటీర్లు పెద్ద డేగిసాల్లో వేడి సూప్ పెట్టుకుని నిలబడ్డారు. అక్కడి నుంచి బుడాపెస్ట్ దాకా హంగరీ రైల్వే మా దగ్గర టికెట్ అడగలేదు.

బుడాపెస్ట్‌లో మన ఎంబసీ వాళ్లు, వాళ్లకు సాయంగా అక్కడ ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్లు ఉన్నారు. "ఏ ఊరమ్మా?" అన్న మాట చెవిన పడగానే నా కాళ్లలో సత్తువ పోయింది, అక్కడే కూర్చుండిపోయాను. ఒక అన్న ఆఫీసుకు సెలవు పెట్టి స్టేషన్‌లోనే ఉన్నాడు, వాళ్లావిడ ఇంటి నుంచి పెరుగన్నం డబ్బాలు పంపుతోంది. అన్నా, వదినా, మీరు చదువుతారని తెలుసు. ఆ డబ్బా తిరిగివ్వలేదు, మా ఇంట్లో ఉంది, అమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వదు.

ఉక్రెయిన్‌లో చిక్కుకున్న మనవాళ్ల కోసం ఆపరేషన్ గంగ పేరుతో మన ప్రభుత్వం 90 విమానాలు నడిపింది. అందులో 14 వాయుసేనవి. నలుగురు కేంద్రమంత్రులు నాలుగు దిక్కులా సరిహద్దు దేశాల్లో ఉన్నారు. మనవాళ్లతో పాటు వేరే దేశాల వాళ్లనూ 147 మందిని ఎక్కించుకొచ్చారు, అది నాకు ప్రత్యేకంగా గర్వం. మా దగ్గర రూపాయి తీసుకోలేదు. ఢిల్లీలో దిగాక తెలంగాణ భవన్, ఆంధ్రా భవన్ సిబ్బంది భోజనం, బస చూసి హైదరాబాద్ టికెట్ చేతిలో పెట్టారు.

ఇంటికి రావడంతో అయిపోయిందని అందరూ అనుకున్నారు. అసలు దిగులు అప్పుడే మొదలైంది. చదువు సగంలో ఉంది, లోను మీద వడ్డీ పెరుగుతోంది. ఆ సెప్టెంబర్‌లో మన దేశంలో మెడికల్ చదువులను చూసే ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్), ఉక్రెయిన్ యూనివర్సిటీల మొబిలిటీ ప్రోగ్రాంను ఒప్పుకుంది. వేరే దేశంలో చదివి, పట్టా మాత్రం సొంత యూనివర్సిటీ నుంచి తీసుకోవచ్చన్నమాట. ఫైనల్ ఇయర్ సీనియర్ల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు పోరాడిన దాంట్లోంచి మాకూ ధైర్యం వచ్చింది. అక్కలూ, అన్నలూ, థాంక్యూ.

నన్ను జార్జియా చేర్చుకుంది. 2008 ఆగస్టులో ఆ దేశం కూడా పొరుగునున్న రష్యాతో యుద్ధం చూసింది. రాజధాని టిబిలిసీలో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మది గోరీ, అప్పట్లో బాంబులు పడిన ఊరు. ఖార్కివ్ నుంచి వచ్చానని చెప్పగానే అడ్వాన్స్ మాట ఎత్తలేదు. మొదటి చలికాలం దీపావళికి కింద వీధిలో టపాకాయలు పేలితే నేను మంచం కింద దూరాను. ఆవిడ వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది, ఏమీ అడగలేదు.

ఇక ఖార్కివ్ ప్రొఫెసర్లు. 2022 అక్టోబర్ నుంచి రష్యా కరెంటు స్టేషన్ల మీద పడింది. మా పాథాలజీ మేడం కోటు, మఫ్లర్ వేసుకుని, బ్యాటరీ లైటు వెలుతురులో జూమ్ క్లాస్ తీసుకునేవారు. సైరన్ మోగితే "రెండు నిమిషాలు" అని ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్లు దిగి, కిందకెళ్లి ఆగిన స్లైడ్ దగ్గర్నుంచే మొదలుపెట్టేవారు. నా మార్కుల పత్రం మీద సంతకాలు చేసినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు మిలిటరీ ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. నేను డాక్టర్‌నని చెప్పుకునే ప్రతిసారీ ఆ సంతకాలే సాక్ష్యం.

అమ్మా నాన్నా, ఆ రాత్రులు మీరు ఫోన్ పక్కన పెట్టుకుని ఎలా గడిపారో మీరు చెప్పరు. మా వీధిలో వాళ్లు వంతులేసుకుని మీకు అన్నం తెచ్చిపెట్టారని మాత్రం తెలిసింది. వాళ్లకు ఇంటింటికీ వచ్చి చెబుతాను.

వచ్చే నెల ఇంటర్న్‌షిప్‌లో చేరుతున్నాను. ఉక్రెయిన్ నుంచి వచ్చి ఇంకా మొబిలిటీ కాగితాలు, ట్రాన్స్‌స్క్రిప్టుల కోసం తిరుగుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఏ కాగితం ఎక్కడ అటెస్ట్ చేయించాలో, ఎవరికి మెయిల్ పెడితే జవాబు వస్తుందో చెబుతాను. ఎఫ్‌ఎంజీఈ నోట్స్ కూడా స్కాన్ చేసి ఉంచాను, అడిగినవాళ్లకు పంపిస్తాను.