రెండు గంటలు కనిపెట్టుకుని ఉండే గది కావాలి

సంపాదకుడి గారికి,

మాత్రలకు లొంగని డిప్రెషన్‌కు ముక్కులో కొట్టే ఎస్‌కెటమిన్ స్ప్రే ఎక్కడ దొరుకుతుందని మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోగుల ఇంటివాళ్లు మందుల షాపుల్లో వాకబు చేస్తున్నారు. ఇది చీటీ చూపించి ఇంటికి పట్టుకెళ్లే మందు కాదు. అమెరికాలో 2019 మార్చిలో అనుమతించినప్పుడే, నమోదైన కేంద్రంలో, సిబ్బంది కళ్లెదుటే వాడాలని షరతు పెట్టారు. ఎవరైనా ఇంటికి పంపిస్తామంటే నమ్మవద్దు.

ఒక్కో పరికరంలో 28 మిల్లీగ్రాములు, అంటే రెండు స్ప్రేలు, ముక్కు రంధ్రానికి ఒకటి. 56 మి.గ్రా. డోసుకు రెండు పరికరాలు, 84కి మూడు. ఒకదానికీ మరొకదానికీ మధ్య 5 నిమిషాలు ఆగాలి. పనిచేస్తుందో లేదోనని ముందుగా గాలిలోకి నొక్కి చూస్తే ఆ మేరకు మందు పోయినట్టే. 2 గంటల ముందు నుంచి తిండి, అరగంట ముందు నుంచి నీళ్లు మానాలి, లేకపోతే వాంతులు కావచ్చు. జలుబు స్ప్రే వాడేవారు అది కనీసం గంట ముందే కొట్టుకోవాలి.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే. బీపీ సుమారు 40 నిమిషాలకు బాగా పెరుగుతుంది. మత్తు, తలతిరుగుడు, ఒళ్లు తనది కాదన్నట్టు అనిపించడం మామూలే. అందుకే కనీసం 2 గంటలు అక్కడి నుంచి కదలనివ్వరు. ముందే బీపీ 140/90 దాటితే ఆ రోజు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి. మెదడులో రక్తస్రావం జరిగినవారికి, ధమని గోడ ఉబ్బినవారికి (అన్యూరిజం) అసలు ఇవ్వకూడదు. డయాలసిస్ మీద ఉన్నవారిపై ఈ మందును పరీక్షించనే లేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం మన జిల్లాలోనే ఉంది కనుక ఈ మాట గట్టిగా చెప్పాలి.

మొదటి 4 వారాలు వారానికి రెండుసార్లు, తర్వాతి 4 వారాలు వారానికి ఒకసారి, ఆపైన వారానికో రెండు వారాలకో ఒకసారి. ఇచ్ఛాపురం మనిషి మొదటి నెలలోనే ఎనిమిదిసార్లు విశాఖ వెళ్లగలడా? రాత్రి బాగా నిద్రపోయి లేచేదాకా బండి నడపకూడదు కనుక తోడు మనిషి కూడా రావాలి, ఆ రోజు కూలి ఇద్దరికీ పోతుంది.

అందుకే రెండు జిల్లాల ప్రభుత్వ వైద్య కళాశాలల మానసిక విభాగాల్లో ఒక్కో పరిశీలన గది అడుగుతున్నాం. వెనక్కి వాలే కుర్చీలు, బీపీ మిషను, ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటరు, శిక్షణ ఉన్న నర్సు, పిలిస్తే వచ్చే డాక్టరు. ఇది పెద్ద ఖర్చేమీ కాదు. స్ప్రే అందకపోయినా ఆ గది వృథా కాదు. మత్తు డాక్టరు సాయంతో, ఇదే జబ్బుకు కిలో బరువుకు 0.5 మి.గ్రా. చొప్పున 40 నిమిషాల్లో ఎక్కించే కెటమిన్ డ్రిప్‌కూ అదే ఏర్పాటు సరిపోతుంది.

అక్కడికి పంపేముందు నిజంగా మొండి డిప్రెషనేనా అన్నది చూడాలి. కనీసం రెండు మందులు, సరైన డోసులో, ఒక్కోటి ఆరు వారాలైనా వాడి ఉండాలి. రెండు వారాలకే మానేసినది లెక్కలోకి రాదు. థైరాయిడ్, రక్తహీనత, మద్యం, ఎప్పుడైనా విపరీతమైన హుషారు వచ్చిందా అన్నవి కూడా అడగాలి. మందు పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే కొత్త డాక్టరు మళ్లీ మొదటికి రానక్కరలేదు.

చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నవారు మాత్రం ఈ స్ప్రే కోసం ఆగకూడదు. అది ఆత్మహత్యను ఆపుతుందని రుజువు కాలేదు. అలాంటివారిని ఒంటరిగా వదలకుండా వెంటనే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. అక్కడ మత్తు ఇచ్చి చేసే కరెంటు చికిత్స త్వరగా పనిచేస్తుంది, దానికి భయపడనక్కరలేదు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

– ఒక ఫార్మసిస్టు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా