భూటాన్ ఆర్థిక మంత్రి గారికి: రూపాయల కరువు చలికాలంలోనే ఎందుకు?

అయ్యా, నమస్కారం.

1974 నుంచి మీ కరెన్సీ ఎన్‌గుల్ట్రం మా రూపాయికి సరిసమానం. అంగట్లో ఇది సుఖమే, ఇబ్బందల్లా ఖజానాకే. డీజిల్, బియ్యం, యంత్రాలు ఎక్కువగా భారత్ నుంచే వస్తాయి. వాటికి రూపాయలే కట్టాలి. రూపాయలు తెచ్చేది ప్రధానంగా జలవిద్యుత్తు. చలికాలంలో నదులు చిక్కిపోతే ఉత్పత్తి పడిపోతుంది; వానాకాలంలో మాకు అమ్మిన మీరే అప్పుడు మా దగ్గర కరెంటు కొంటారు.

2012లో రూపాయలు నిండుకుని కార్ల అప్పులు ఆపారు. 2022 ఆగస్టులో కార్ల దిగుమతే ఆపారు. తలుపు మూస్తే గిరాకీ చావదు, గుమ్మం బయట కాచుక్కూర్చుంటుంది.

ఏడాది నిత్యావసర దిగుమతులకు సరిపడా విదేశీ కరెన్సీ నిల్వలుండాలని మీ రాజ్యాంగం అంటుంది. మొత్తం అంకె చూసి ధీమా పడకండి: డాలర్లెన్ని ఉన్నా రూపాయలు తరిగితే వాటిని అమ్మి రూపాయలు కొనాల్సిందే.

భారతీయ పర్యాటకుడికి రాత్రికి 1,200 రూపాయల రుసుము. నలుగురు పెద్దలు అయిదు రాత్రులుంటే, హోటల్ ఖర్చు కాక 24,000. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు దీన్ని సగం చేసి చూడండి. గదులు ఖాళీగా ఉండేదీ, రూపాయికి కటకట వచ్చేదీ ఆ నెలల్లోనే.