నేను ఇల్లు చేరే పావుగంట ముందే గ్రంథాలయం మూతపడుతోంది

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. జ్యోతి వెలిగించడం, చిత్రపటాలకు పూలదండలు వేయడం, పిల్లలకు వ్యాసరచన పోటీలు పెట్టడం వంటి వార్తలు ఆ వారమంతా మీ పత్రిక జిల్లా పేజీల్లో కనిపిస్తూనే ఉంటాయి. ప్రజల్లో చదివే అలవాటు తగ్గిపోతోందని వేదిక మీది పెద్దలు బాధపడటం కూడా ఆ వార్తల్లో తప్పక ఉంటుంది. ఆ బాధ నిజమైనదే కావచ్చు. అయితే చదివే అలవాటు ఉండి కూడా గ్రంథాలయం గడప తొక్కలేకపోతున్న ఒక సాధారణ ఉద్యోగి వారం ఎలా గడుస్తుందో వారి దృష్టికి తీసుకురావాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

నేను వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణంలో గుమాస్తాను. కాపురం హనుమకొండలో, రెండు గదుల అద్దె ఇంట్లో. ఇప్పుడు పత్తి సీజను. పొద్దున వేలం పాటలు ముగిసి, కాంటాలై, తూకం వేసే దడువాయిలు రాసిచ్చిన తూకాలు చేతికి వచ్చాక మా పని మొదలవుతుంది. పరకాల, నర్సంపేట, ములుగు వైపుల నుంచి వచ్చిన రైతులు ఊరి బస్సు తప్పిపోతుందని ఆత్రపడుతుంటే, ఒక్కొక్కరికీ హమాలీ, చాటా కూలీ ఖర్చులన్నీ లెక్కగట్టి తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాసి ఇవ్వాలి. కంప్యూటర్లు వచ్చాయి గానీ పని గంటలు మాత్రం తగ్గలేదు. ఉదయం ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలితే, తిరిగి వచ్చేసరికి రాత్రి ఏడుంబావు అవుతుంది. శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవే అయినా, వారం లెక్కలు సరిచూసేందుకు శనివారం మధ్యాహ్నం మూడింటి దాకా దుకాణంలోనే ఉండాలి.

మా వాడలోని శాఖా గ్రంథాలయం ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు తెరిచి ఉంటుంది. శుక్రవారం సెలవు. నేను బండి దిగే సమయానికి ఆకుపచ్చ రంగు షట్టరు కిందికి దించి ఉంటుంది. దాని కింద సందులోంచి లోపలి లైటు వెలుగు ఒక్కోసారి కనిపిస్తుంది, అంటే గ్రంథాలయాధికారి ఇంకా రిజిస్టరు సర్దుకుంటున్నారన్నమాట. పావుగంట తేడాతో తప్పిపోయిన మనిషికి ఆ వెలుగు చూస్తే కలిగే ఉక్రోషం ఎలాంటిదో రైలు కదిలిపోయాక కాజీపేట ప్లాట్‌ఫాం మీదికి చేరిన వారికి తెలుస్తుంది.

లెక్కలు రాసే వాణ్ని కాబట్టి, ఒక వారంపాటు నా కాలానికి కూడా జమాఖర్చులు రాసి చూశాను. జమ 168 గంటలు. అందులో నిద్రకు 49, దారి ప్రయాణంతో కలిపి పనికి 60 పోగా 59 గంటలు మిగిలాయి. తెల్లవారుజామున నల్లా వచ్చే వేళకు లేచి నీళ్లు పట్టుకోవడం, స్నానం, తిండి, ఇంటి పనుల్లో చేయి వేయడం రోజుకు నాలుగు గంటల లెక్కన 28 అయ్యాయి. పిల్లల చదువు దగ్గర కూర్చోవడానికి ఆరు, కూరగాయలు, ఆసుపత్రి, చుట్టాల ఇళ్లలో శుభకార్యాలకు తొమ్మిది పోయాయి. తక్కిన పదహారింటిలో పది గంటలు టీవీకి, సెల్‌ఫోనుకు ఖర్చు కింద పడ్డాయి. దుకాణంలో అర్ధ రూపాయి తేడా వచ్చినా రాత్రి దాకా కూర్చుని వెతికే నేను, ఆ పది గంటలు ఎటు పోయాయో ఆ వారం దాకా గమనించలేదు. దీనికి తప్పు ఎవరిదో వెతకాల్సిన పని లేదు, నాదే.

చివరికి నిల్వ తేలింది ఆరు గంటలు. అవి వారంలో ఎక్కడ ఉన్నాయో చూస్తే, సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య రోజుకొక గంట, ఆదివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక గంట. ఈ ఆరింటిలో ఏ గంటకూ మా గ్రంథాలయం తలుపు తీసి ఉండదు. ఫోనుకు ఖర్చయిన పది గంటలు కూడా చాలావరకు రాత్రి ఎనిమిది దాటాకే ఉన్నాయన్నది గమనించదగ్గ విషయం. ఆ వేళకు మా వాడలో తెరిచి ఉండేవి మిర్చీ బజ్జీల బండ్లు, సెల్‌ఫోను దుకాణాలు, మద్యం దుకాణం. మనిషి తెరిచి ఉన్న చోటికే పోతాడు.

ఆదివారం ఉదయం గ్రంథాలయం ఉంటుంది కదా అని అడగవచ్చు. ఉంటుంది. కానీ ఆదివారం ఇంటిది. ఆరు రోజులు కళ్లకు కనిపించని మనిషి ఏడో రోజు కూడా పుస్తకం చంకన పెట్టుకుని బయలుదేరితే ఇంట్లో ఏమంటారో పెళ్లయిన పాఠకులకు నేను చెప్పనక్కర లేదు. నెలలో ఒకటి రెండు శనివారాలు మాత్రం ఎలాగో సాయంత్రం వేళ వెళ్లగలుగుతున్నాను.

నాకున్న సరదా చాలా చిన్నది. మార్కెట్‌కు వచ్చే ముసలి రైతుల నోట విన్న పాత మాటలను, ముఖ్యంగా కొలతల పేర్లను, పనిముట్ల పేర్లను ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. ఎడమ పక్క మాట, కుడి పక్క అర్థం, కింద ఏ ఊరివారు అన్నారో. సోలెడు, తవ్వెడు, మానెడు, అడ్డెడు, కుంచెడు అనే మాటలు మా ఇంట్లో మా నాయనమ్మ నోట విన్నవే. అడ్డెడంటే రెండు మానికలు, కుంచెడంటే నాలుగు. ఇప్పుడు మా పిల్లలకు బోరెం అంటే కూడా తెలియదు, సంచి అంటేనే తెలుస్తుంది. మొన్న దసరా దాటాక నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తక్‌పట్టీ కోసం ఎదురుచూస్తూ, "మా నాయిన కాలంల వడ్లు ఇరసలతోనే కొలిచెటోళ్లు" అన్నాడు. ఇరస అంటే ఎన్ని కుంచాలని అడిగితే కొంచెం ఆలోచించి, ఒక్కో ఊళ్లో ఒక్కో లెక్క ఉండేదని నవ్వేశాడు. ఆ మాట ఎదుట నా పుస్తకంలో అర్థం రాయవలసిన చోటు ఖాళీగా ఉండిపోయింది.

మా పెద్దవాడు ఫోనులో వెతికి ఒక అర్థం చూపించాడు. దాన్ని నేను తోసిపుచ్చను. అయితే మన ప్రాంతంలో ఆ మాటను అదే లెక్కకు వాడారా లేదా అన్నది తేల్చుకోవాలంటే, గ్రంథాలయం బీరువాలో అట్ట ఊడిపోయి తాడుతో కట్టి ఉన్న మాండలిక పదాల పుస్తకం చూడాలి. అది ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చూసుకోవాలి. ఇవ్వకపోవడం సబబే, ఇస్తే తిరిగి వస్తుందన్న నమ్మకం నాకూ లేదు. పైగా రోజంతా కంప్యూటరు తెర మీద అంకెలు చూసిన కళ్లకు సాయంత్రం కాగితం మీది అక్షరం చేసే మేలు వేరు.

నా భార్య సంగతి ఇంకో రకం. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్, పీకో చేస్తుంది. ఆమెకు మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడింటి దాకా కాస్త తీరిక. పిల్లలు బడి నుంచి వచ్చాక ఆమెకు ఊపిరి సలపదు. వారపత్రికల్లో కథలు చదవడం ఆమెకు ఇష్టం. ఆమె తీరిక వేళ గ్రంథాలయం పదకొండింటికి మూసినది మూసినట్టే ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఆ వేళలో మూసిన షట్టరు ముందు మెట్ల మీదే కూర్చుని, అన్నం డబ్బాలు పక్కన పెట్టుకుని, నాలుగు గంటల కోసం చూస్తూ చదువుకుంటుంటారు. వారి వల్ల మాకు కుర్చీలు దొరకడం లేదని విసుక్కునే వారున్నారు. నాకు మాత్రం ఆ పిల్లలను చూస్తే విసుగు రాదు. నేడు గ్రంథాలయాలను నిలబెడుతున్నది వారే.

ఈ వేళలు ఎవరు ఏ కాలంలో నిర్ణయించారో గానీ, పొలం పనికి పోయే ముందు ఉదయం కాసేపు, వచ్చాక సాయంత్రం కాసేపు చదివే ఊరి మనిషికి అవి సరిగ్గా సరిపోతాయి. నగరంలో పనివేళలు అలా లేవు. 2025 జులైలో రాష్ట్ర ప్రభుత్వం, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని, వారానికి మాత్రం 48 గంటలు దాటరాదని ఉత్తర్వు ఇచ్చింది. పనివేళలు సడలించడానికి వీలున్నప్పుడు చదువుకునే వేళలను కాస్త జరపడానికి ఎందుకు వీలుండదన్నదే నా ప్రశ్న.

గ్రంథాలయం పాఠకుడి దగ్గరికి నడిచిపోవడం మనకు కొత్త కాదు. న్యాయస్థానాల్లో, బడుల్లో ఉర్దూ రాజ్యమేలుతున్న నిజాం కాలంలో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. మూడేళ్లు తిరగకుండానే, 1904లో, మన హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. సర్కారు పెట్టినవి కావు, తెలుగు చదువుకోవాలన్న వారు పూనుకుని పెట్టుకున్నవి. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో గ్రంథాలయమే తిరిగింది. పాఠకుడు ఎక్కడ ఉంటే పుస్తకం అక్కడికి పోయిన దేశంలో, పాఠకుడు వచ్చే వేళ దాకా పుస్తకం ఆగలేదా? ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది, చదువరి కాలాన్ని ఆదా చేయమంటుంది.

నేను అదనపు నిధులు అడగడం లేదు, అదనపు గంటలు కూడా అడగడం లేదు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతూనే ఉంది. మాబోటి వారు దాన్ని అద్దెలో కలిపి కడుతూనే ఉన్నారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు అన్నది అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర చేస్తే అవే మూడు గంటలు. అన్ని శాఖలకూ ఒకే వేళ ఉండాలన్న పట్టుదల కూడా అక్కర లేదు. నగరంలో కొన్ని శాఖలు రాత్రి ఎనిమిదిన్నర దాకా, ఇంకొన్ని మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా తెరిచి, ఏ శాఖ ఏ వేళలో ఉంటుందో ప్రతి శాఖ ముందూ బోర్డు రాసి పెడితే, నా భార్య ఒక చోటికి పోతుంది, నేను ఇంకో చోటికి పోతాను. ముందుగా ఒక్క శాఖలో మూడు నెలలు నడిపి, రిజిస్టరులో సంతకాలు పెరిగాయో తగ్గాయో లెక్కపెట్టి చూడవచ్చు. పెరగకపోతే పాత వేళలకే మార్చవచ్చు, అప్పుడు నేను మారు మాట్లాడను.

ఇందులో ఒక చిక్కు ఉందని నాకు తెలుసు. చాలా శాఖల్లో ఉన్నది ఒక్కరే ఉద్యోగి. ఆ ఒక్కరూ మహిళ అయితే రాత్రి ఎనిమిదిన్నరకు షట్టరు దించి, తాళం వేసి ఇల్లు చేరడం ఆమెకు ఎంత కష్టమో ఆలోచించకుండా వేళ మార్చమనడం సరికాదు. ఆమె ఇంట్లోనూ పిల్లలుంటారు, ఆమె వారానికీ 168 గంటలే ఉంటాయి. అందుకే ఎవరికి వీలైన శాఖను వారికి ఇచ్చి, ఇద్దరు ముగ్గురు వంతుల వారీగా చేసుకునే ఏర్పాటు గురించి జిల్లా గ్రంథాలయ సంస్థ ముందుగా ఉద్యోగులతోనే మాట్లాడాలి. వేళలు పాఠకుల కోసం మారాలన్నది ఎంత నిజమో, ఆ మార్పు భారం ఒక్కరి నెత్తిన పడకూడదన్నది అంతే నిజం.

ఈసారి వారోత్సవాల సభల్లో వక్తలు ఒక పావుగంట ఈ విషయానికి కేటాయిస్తారని ఆశిస్తూ, మీ పత్రిక కూడా పాఠకుల నుంచి వారి వారి తీరిక వేళలు అడిగి తెలుసుకుని ప్రచురించాలని కోరుతున్నాను.

ఇరస అన్న పెద్దాయన పోయిన వారం రెండో విడత పత్తితో మళ్లీ వచ్చాడు. తక్‌పట్టీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఏం సారూ, నా మాట బుక్కుల దొరికిందా?" అని అడిగాడు. వచ్చే శనివారం చూస్తానని చెప్పాను.

ఇట్లు,
ఒక అడ్తి గుమాస్తా,
హనుమకొండ.