తెలుగు సహవాసం: 2025 వార్షిక నివేదిక

సహవాస సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

సంఘం వార్షిక సమావేశానికి ముందు మీ చేతికి అందుతున్న నివేదిక ఇది. జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు కాబట్టి వాటిని ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. ఈ ఏడాది మనం ఎవరిని కలుపుకున్నాం, ఎవరికి సాయపడ్డాం, ఎవరు ఇంకా గుమ్మం దగ్గరే ఉండిపోయారు అన్నదే రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. మనది విడి చర్చి కాదు. అమెరికా ప్రెస్బిటేరియన్ సంఘానికి చెందిన ఈ న్యూజెర్సీ సంఘంలో మనం భాగం. నెలకొకసారి తెలుగులో ఆరాధన పెట్టుకుంటాం, మిగతా ఆదివారాలు అందరితో పాటు ఉదయం ఆరాధనలో కూర్చుంటాం. మనలో గుంటూరు వైపు లూథరన్లు, ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టులు, మెదక్, దోర్నకల్ వైపు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళు అందరూ ఉన్నారు. "ఇక్కడ చేరాలంటే మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా?" అని ఈ ఏడాది కూడా చాలామంది అడిగారు. అక్కర్లేదు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్ళతో ఏ సంఘంలో ఇచ్చిన బాప్తిస్మాన్నైనా ఇక్కడ ఒప్పుకుంటారు. పాత సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకుంటే చాలు. అది దొరకనివాళ్ళు సెషన్ (సంఘం ఎన్నుకున్న పెద్దలు, పాస్టరు కూర్చునే పాలక సభ) ముందు తమ విశ్వాసాన్ని చెప్పి చేరవచ్చు. సభ్యులుగా చేరితేనే పెద్దల ఎన్నికలో ఓటు ఉంటుంది. ఏళ్ళ తరబడి వస్తూ కూడా ఇంకా చేరనివాళ్ళు ఈసారైనా ఆలోచించాలి. చర్చి తాళాలు ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర్నుంచి బడ్జెట్ దాకా అన్నీ తేల్చేది సెషనే. మన మాట అక్కడ వినిపించాలి.

ఆ విషయంలో ఈ ఏడాది మంచి కబురు ఉంది. మన సహవాసం నుంచి ఒక అక్కను సంఘం పెద్దగా ఎన్నుకుంది, పదవీకాలం మూడేళ్ళు. అమెరికాలో ఉత్తరాది ప్రెస్బిటేరియన్లు స్త్రీలను పెద్దలుగా 1930లోనే ఒప్పుకున్నారు, 1956 నుంచి పాస్టర్లుగా కూడా అభిషేకిస్తున్నారు. అయినా మన ఊరి సంఘాల్లో పెద్దల బెంచీ మీద ఆడవాళ్ళను చూడకుండా పెరిగినవాళ్ళమే మనలో ఎక్కువ. ఆమె తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తుంటే మన పిన్నిలు, అత్తయ్యలు కళ్ళు తుడుచుకున్నారు.

ఒకే బల్ల

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది వేసవిలో జరిగిన బెల్హార్ విశ్వాస ప్రమాణం అధ్యయనం. ఇది దక్షిణాఫ్రికాలో పుట్టింది. 1857లో అక్కడి డచ్ రిఫార్మ్డ్ సంఘ మహాసభ, "కొందరి బలహీనత" దృష్ట్యా నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ వేరువేరుగా ఆరాధన జరపవచ్చని ఒప్పుకుంది. ఒక చిన్న సర్దుబాటుగా మొదలైనది 1881కల్లా తెల్లవాళ్ళు కానివారికి వేరే సంఘమే అయింది. తర్వాత వర్ణవివక్షకు దేవుని మాటే ఆధారం అని చెప్పుకునే దాకా పోయింది. దానికి జవాబుగా ఆ వేరుపడిన సంఘమే 1982లో ఈ ప్రమాణాన్ని రాసి 1986లో స్వీకరించింది. మన అమెరికా ప్రెస్బిటేరియన్ సంఘం 2016లో దీన్ని తన విశ్వాస ప్రమాణాల్లో చేర్చుకుంది.

చదువుతుంటే ఎవరూ దక్షిణాఫ్రికా దగ్గర ఆగలేదు. మాట మన ఊళ్ళ మీదికి వచ్చింది. ఒకే పాస్టరు, ఒకే బైబిలు, కానీ మాల పల్లెకో గుడి, మాదిగ పల్లెకో గుడి. క్రైస్తవులమే కానీ పెళ్ళి సంబంధం దగ్గరకు వచ్చేసరికి కులం. ఇక్కడ పుట్టిన పిల్లలు నోరెళ్ళబెట్టి విన్నారు. "యేసు దగ్గరకు వచ్చాక కూడానా?" అని ఒక అమ్మాయి అడిగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదని, కాగితం మీద కులం పోయినా వీధిలో మాత్రం పోలేదని ఒక పెద్దాయన పిల్లలకు ఓపిగ్గా విడమరిచి చెప్పారు.

ఆ చర్చలోనే ఇంకో సంగతి బయటపడింది. చదువుకోవడానికి వచ్చిన ఒక తమ్ముడు మన దగ్గరకు కొన్నాళ్ళు వచ్చి మానేశాడు. ఆరాధన తర్వాత భోజనాల దగ్గర "మీ ఇంటి పేరేంటి బాబూ? ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?" అని అడిగారట. అడిగినవాళ్ళకు అది పలకరింపే కావచ్చు. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో చిన్నప్పటి నుంచి తెలిసినవాడికి మాత్రం ముద్ద దిగదు. పరదేశంలో ఒంటరిగా ఉన్న పిల్లాడు ప్రభువు బల్ల దగ్గర కూడా టెన్షన్ పడుతూ కూర్చోవాలా? అతని స్నేహితుడి ద్వారా ఈ మాట తెలిశాక కమిటీ రెండు నిర్ణయాలు చేసింది. కొత్తవాళ్ళను ఇంటి పేరు, వాడ ఆరా తీయకూడదు. కులం రాసిన పెళ్ళి సంబంధాల ప్రకటనలు మన వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు.

రెండో నిర్ణయం మీద వాదన గట్టిగానే జరిగింది. కొందరు గ్రూపు నుంచి వెళ్ళిపోయారు. వాళ్ళు మనవాళ్ళే, వాళ్ళ కోసం తలుపు తెరిచే ఉంటుంది. నిర్ణయం మాత్రం మారదు. ఆ తమ్ముడి ఇంటికి పెద్దగా ఎన్నికైన మన అక్క, బావగారు వెళ్ళి కూర్చుని మాట్లాడి వచ్చారు. క్రిస్మస్ ఆరాధనకు అతను వచ్చాడు.

స్వలింగ దంపతుల విషయం కూడా చర్చకు వచ్చింది. 2015 నుంచి అమెరికా ప్రెస్బిటేరియన్ సంఘం నియమావళి వివాహాన్ని ఇద్దరు వ్యక్తుల మధ్య ఒడంబడికగా చెబుతోంది. అయితే ఇష్టం లేని పాస్టరును గానీ సెషన్‌ను గానీ బలవంతపెట్టదు. మనలో దీని మీద ఏకాభిప్రాయం లేదు. కానీ ఏ ఇంటి బిడ్డనూ ఆరాధనకు రావద్దని ఎవరూ అనకూడదన్న దగ్గర అందరం ఒక్కటయ్యాం. మునుపు ఈ మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోయేవాళ్ళు ఈసారి చివరిదాకా కూర్చున్నారు. అదీ నాకు పెద్ద సంగతే.

అక్టోబరు మొదటి ఆదివారం ప్రపంచ ప్రభు భోజన ఆదివారం, అంటే లోకమంతటా సంఘాలు ఒకే రోజు ప్రభు భోజనం తీసుకునే రోజు. 1933లో పిట్స్‌బర్గ్‌లోని ఒక ప్రెస్బిటేరియన్ సంఘంలో మొదలైన ఆచారం ఇది. ఆ రోజు బల్ల మీద రకరకాల దేశాల రొట్టెలు పెడతారు. ఈసారి మనవంతు జొన్నరొట్టె. మెదక్ వైపు నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన ఒక అమ్మ చర్చి వంటింట్లోనే చేశారు. పిండిలో వేడినీళ్ళు పోసి, చేత్తో చరిచి చరిచి పల్చగా చేసి, పైన తడిగుడ్డ అద్ది కాల్చారు. సంఘంలో గోధుమ పడని ఒక పిల్లాడున్నాడు. ప్రతిసారీ వాడికి విడిగా ఒక ప్యాకెట్ బిళ్ళ ఇస్తారు. జొన్నలో గ్లూటెన్ ఉండదు కదా అని ఆమె కొత్త పెనం, కొత్త పిండి ప్యాకెట్ తెచ్చుకుని, వంటింటి బల్లంతా కడిగి మరీ చేశారు. ఆ రోజు పాస్టరమ్మ గారు చేతిలోకి తీసుకుని విరిచింది ఆ రొట్టెనే. పిల్లాడు అందరితో పాటు అందులోంచే తిన్నాడు. ఆరు నెలల వీసా మీద వచ్చే మన తల్లిదండ్రులను వెనక వరుసలో కూర్చోబెట్టి చేతికి కరపత్రం ఇచ్చి ఊరుకోవడం ఇక చాలు. ఇప్పుడు వాక్య పఠనం, ప్రార్థన, వంటిల్లు, మూడింటిలోనూ వాళ్ళకు వంతు వేస్తున్నాం.

బయటివాళ్ళ కోసం

ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ఆదివారం మన యువత సూప్ గిన్నెలు పట్టుకుని గుమ్మాల దగ్గర నిలబడి ఆకలి నిధి పోగుచేశారు. 1990లో సౌత్ కరోలినాలోని ఒక ప్రెస్బిటేరియన్ సంఘం యువకులు మొదలుపెట్టిన పద్ధతి ఇది.

అసలు పరీక్ష శరదృతువులో వచ్చింది. అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా అమెరికా కేంద్ర ప్రభుత్వం మూతబడింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే స్నాప్ ఆహార సాయం నవంబరు నెలది ఆగిపోయేసరికి, ఉచితంగా సరుకులిచ్చే చర్చి ఫుడ్ ప్యాంట్రీ ముందు క్యూ వీధి మలుపు దాకా పెరిగింది. జీతం రాని ప్రభుత్వ ఉద్యోగులు కూడా అందులో ఉన్నారు. అప్పుడు మన అమ్మమ్మలు గుర్తుచేసింది పిడికెడు బియ్యం. పూటపూటా అన్నం వండే ముందు ఒక గుప్పెడు తీసి దేవుని డబ్బాలో వేయడం మన పల్లె సంఘాల అలవాటు. మిజోరం ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి ఇలాగే చేస్తూ తమ సంఘాన్ని పోషించుకుంటున్నారు. మనమూ ఇళ్ళల్లో డబ్బాలు పెట్టాం. బియ్యంతో పాటు కందిపప్పు, నూనె కూడా వచ్చాయి.

స్నాప్ ఉన్న రోజుల్లో కూడా దాంతో సబ్బులు, డైపర్లు, టాయిలెట్ పేపరు కొనడానికి వీల్లేదు. క్యూలో నిలబడ్డ తల్లులు ముందు అడిగేది అవే. అందుకే ఇకపై మన డబ్బు కానుకను వీటికే వాడాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. సమావేశంలో మీ అభిప్రాయం చెప్పండి.

చేయలేకపోయినవి కూడా ఉన్నాయి. వినికిడి తగ్గిన పెద్దవాళ్ళ కోసం హాల్లో లూప్ (మైకు మాటను నేరుగా వినికిడి యంత్రానికి చేర్చే తీగ) వేయాలన్న ప్రతిపాదన ఇంకా సెషన్ దగ్గరే ఉంది. తెలుగు ఆరాధనకు కారు లేని విద్యార్థులను తీసుకొచ్చే ఏర్పాటు సగంలో ఆగింది. నడిపేవాళ్ళు చాలలేదు. కారులో ఖాళీ సీటు ఉన్నవాళ్ళు, నెలకొక్క ఆదివారమైనా వెళ్ళి తీసుకురాగలిగినవాళ్ళు వార్షిక సమావేశం రోజు భోజనాల దగ్గర మీ పేరు, మీరు ఏ రోడ్డు మీదుగా వస్తారో రాసివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి, తెలుగు సహవాసం