ఒకే మనిషికి ఇన్ని స్కోర్లా?

సంపాదకులకు,

ఇంటి రుణానికి వెళ్లేవారిని క్రెడిట్ స్కోరు, అంటే మనం అప్పులు ఎంత సక్రమంగా కడుతున్నామో చెప్పే అంకె, బాగా టెన్షన్ పెడుతోంది. మా అన్నయ్య ఫోన్‌లోని యాప్ 781 చూపించింది. అదే వారం బ్యాంకు తీసిన నివేదికలో 738 ఉంది. దాంతో వడ్డీ పావు శాతం ఎక్కువ చెప్పారు. ఇరవై ఏళ్లు కట్టాల్సిన అప్పుకి పావు శాతమంటే చిన్న మాట కాదు.

మన అప్పుల వివరాలు సేకరించి ఈ స్కోరు ఇచ్చే సంస్థలే క్రెడిట్ బ్యూరోలు. మన దేశంలో రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్నవి నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. స్కోరు కట్టడంలో ఎవరి లెక్క వారిది. యాప్ ఒక బ్యూరో స్కోరు చూపిస్తే, బ్యాంకు ఇంకో బ్యూరోది చూస్తుంది. పైగా సమాచారం అందరికీ ఒకేసారి చేరదు. అన్నయ్య ఎప్పుడో తీర్చేసిన బైక్ లోన్ ఒక నివేదికలో ముగిసినట్టు, మరోదాంట్లో ఇంకా బాకీ ఉన్నట్టు కనబడింది! రుణసంస్థలు పదిహేను రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపాలన్న నిబంధన 2025 జనవరిలోనే అమల్లోకి వచ్చినా ఇదీ పరిస్థితి.

ప్రతి బ్యూరో ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తప్పులపై ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం రావాలి. ఈ హక్కుల గురించి బ్యాంకులో ఎవరూ చెప్పరు.

వడ్డీ ఖరారు చేసేముందే ఏ బ్యూరో స్కోరు చూశారో బ్యాంకు రాసివ్వాలి. తప్పుంటే సరిచేయించుకునే గడువు ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు దీన్ని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, కరీంనగర్