కాటి సీనొక్కటే హరిశ్చంద్ర నాటకం కాదు

సంపాదకుడు గారికి,

శివరాత్రి తిరునాళ్లకైనా, శ్రీరామనవమి పందిళ్లకైనా కరపత్రం మీద ‘సత్యహరిశ్చంద్ర’ అని పెద్దక్షరాల్లో వేస్తున్నారు. తెర లేచాక ఆడేది మాత్రం కాటి సీనే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో అది చివరి ఘట్టం. వశిష్ఠ విశ్వామిత్రుల పంతం, మాతంగ కన్యలు, రాజ్యదానం, కాశీలో ఆలుబిడ్డల అమ్మకం అన్నీ ఎగిరిపోతున్నాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం నక్షత్రకుడు. విశ్వామిత్రుడి శిష్యుడిగా గురువు బాకీ వసూలుకు వెంటపడి అడుగడుగునా సతాయిస్తూ, జనాన్ని నవ్విస్తూనే ఒళ్లు మండించే ఆ పాత్రను బలిజేపల్లి వారు తామే వేసేవారు. అతను లేకపోతే హరిశ్చంద్రుడి ఓర్పుకు పరీక్ష ఎక్కడిది?

ఖర్చే కారణమంటే సగమే నిజం. పూర్తి నాటకానికి పదిహేనుమంది దాకా నటులు, సభ, అడవి, కాశీ, ఇల్లు, శ్మశానం తెరలు కావాలి. కాటి సీనుకు ముగ్గురు నటులు, ఒక నల్లతెర, హార్మోనియం, తబలా ఉంటే చాలు. మిగతా సగం వేళ. తెల్లవార్లూ ఆడే రోజులు పోయాయి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే ఆరుబయట మైకు ఆపాలి. పండగలకు అర్ధరాత్రి దాకా సడలించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదికి 15 రోజులు మించకూడదు.

అయినా పూర్తి కథను మూడు గంటల్లో ఆడవచ్చు. ఇంద్రసభకు 15 నిమిషాలు, మాతంగ కన్యలు, రాజ్యదానానికి 35, అడవికి 30, కాశీ అమ్మకానికి 35, చంద్రమతిని కొన్న కాలకౌశికుడి ఇంటికి 15, కాటికి 50. సాయంత్రం ఆరున్నరకు తెర లేపితే తొమ్మిదిన్నరకు మంగళం పాడవచ్చు. దీనికి పద్యాలు కొయ్యనక్కర్లేదు, రాగం తగ్గిస్తే చాలు. నాలుగు పాదాల పద్యం చదవడానికి నిమిషం పట్టదు. దాన్ని ఆరేడు నిమిషాలు సాగదీసేది చివరి ఆలాపన, ఆపైన వన్స్‌మోర్. హరిశ్చంద్ర పాత్రకు పేరుపడ్డ డి.వి. సుబ్బారావు లాంటి వారి పద్యాలు విని పెరిగిన జనం వన్స్‌మోర్ కొడతారు, కాదనలేం. సీనుకు ఒకటని ముందే కట్టుబడితే సరి.

రాగం మీద ధ్యాసలో అర్థం కూడా జారిపోతోంది. ‘మాయామేయ జగంబె నిత్యమని సంభావించి’ అనే శార్దూల పద్యమే చూడండి. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు, ఇందులో పదమూడో అక్షరం ‘భా’. యతి దగ్గర ఆగాలని నేర్చినవాళ్లు అక్కడ ఊపిరి తీసుకుంటే ‘సం’ ఒకవైపు, ‘భావించి’ ఒకవైపు పడతాయి. ‘నిత్యమని’ దగ్గరే ఊపిరి తీసుకుంటే పద్యం మాటలాగా వినబడుతుంది.

శ్రుతి దగ్గరా తకరారే. హరిశ్చంద్రుడు హార్మోనియం మీద ఒకటి అనే శ్రుతిలో పాడుతుంటే ఆయన భార్య చంద్రమతి అదే శ్రుతిలో కింద గొణగాలి, లేదా పైన అరవాలి. ఆమె పద్యాలకు హార్మోనిస్టు మధ్యమ శ్రుతి, అంటే నాలుగు, అందిస్తే ఇద్దరికీ సుఖం. అయితే ఇది రిహార్సల్లోనే తేల్చుకోవాలి. నటులను వేర్వేరు ఊళ్ల నుంచి కుదిర్చి తెచ్చే కాంట్రాక్టు నాటకాల్లో రిహార్సలే ఉండదు. ఇక చితిమంటల కోసం సాంబ్రాణి పొగ వేసి, దాన్ని ఫ్యానుతో నటుడి మీదికే తోలుతున్నారు. గొంతు ఎండుతుంది, మైకులో గాలి హోరు. ఎర్ర దీపం, వెనక కదిలే పలచటి గుడ్డ చాలు.

కాబట్టి రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకూ, ఉత్సవ కమిటీలకూ నా మనవి: కాటి సీను మాత్రమే ఆడితే కరపత్రంలో అలాగే రాయించండి. గ్రాంటు మాత్రం మూడు గంటల పూర్తి నాటకానికే ఇవ్వండి, శ్రుతులు కుదుర్చుకోవడానికి ఒక రిహార్సల్ ఖర్చు అందులో కలపండి. అలాగే ఆ సీనులో ‘ఇచ్చోటనే’ అని ఎత్తుకునే పద్యాలు బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా ‘శ్మశానవాటి’లోవి. నటులు కలుపుకున్నారు, బాగా అతికాయి కూడా. కరపత్రంలో బలిజేపల్లి వారి పేరు పక్కన జాషువా గారి పేరు కూడా వేయించాలి.

- ఒక పద్యనాటకాభిమాని, తెనాలి